క్లచ్ మాస్టారి పలువరస

మా అక్క మొగుణ్ణి అందరూ క్లచ్ మాస్టారు అంటారు. డ్రైవింగ్ స్కూల్లో పంతొమ్మిదేళ్ళుగా కారు నేర్పుతున్నాడు. పక్క సీట్లో కూర్చుని, తన కోసం వేరేగా అమర్చిన బ్రేకు మీద పాదం ఆనించి, నేర్చుకునేవాళ్ళ చెవి దగ్గరకు వంగి "క్లచ్! క్లచ్!" అని అరుస్తాడు కాబట్టి ఆ పేరు. బతికున్న మనిషి గురించి, అందులోనూ సొంత బావ గురించి ఇలా రాయొచ్చా అని అడిగేవాళ్ళు ఉంటారు. రాయొచ్చు. ఆ నోరు నా చేతులతో కడిగాను. ఆమాత్రం హక్కు నాకుంది.

చూడ్డానికి ఆయన పళ్ళు బాగుంటాయి. కాదనను. అక్క పెళ్ళయిన కొత్తలో మా అమ్మ వీధి వీధంతా చెప్పుకుంది, "మా అల్లుడి పలువరస చూశారూ, ముత్యాలు పేర్చినట్టుంటుంది" అని. డ్రైవింగ్ స్కూలు బోర్డు మీదా, కారు తలుపు మీదా ఆయన నవ్వే ఉంటుంది. ఫొటోలకు వాసన లేకపోవడం ఆయన అదృష్టం. పైన పటారం, లోన లొటారం అనే మాట ఎవరి నోరు చూసి పుట్టిందో గానీ, మా బావ నోటికి కొలిచి కుట్టించినట్టు సరిపోతుంది.

ఆ వాసన ఎలా ఉండేదో చెప్పాలి. పూలు వాడిపోయాక పది రోజులపాటు మార్చకుండా వదిలేసిన కుండీలో నీళ్ళు పారబోస్తే వచ్చే కంపు అది. అక్క ఇంట్లో అందరం తినడానికి కూర్చుంటే ఆయన పక్క కుర్చీ చివరిదాకా ఖాళీగా ఉండేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు అదే శిక్ష. అందరికీ తెలుసు. అందరూ గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చునేవాళ్ళు. ఒక్కరూ నోరు మెదపరు. పైగా ఆయన లేచి అవతలికి వెళ్ళగానే కిటికీ తీసి, "ఏం ఉక్కగా ఉంది!" అనుకునేవాళ్ళు. ఇలాంటి జనం మధ్య నోరు కుళ్ళిపోయినా మనిషికి తెలియదు.

నేను పళ్ళాసుపత్రిలో పని చేస్తాను. మా డాక్టరమ్మ రోగం తేలుస్తుంది. పళ్ళకు పట్టిన పాచి, గార తీసి శుభ్రం చేసే పని నాది. రెండేళ్ళు చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. మా బావ దానికి పెట్టిన పేరు "ఊళ్ళోవాళ్ళ ఎంగిలి కడగడం". కారు తుడిచే కుర్రాళ్ళ ముందు కూడా అలాగే చెప్పేవాడట.

ఆ నోటి సంగతి నేనొక్కదాన్నే చెప్పాను. అక్క పెళ్ళయిన రెండో ఏడు. అందరం కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. బావ ఆపిల్ కొరికాడు. కొరికిన చోట తెల్లటి గుజ్జు మీద ఎర్రటి చార పడింది. నా కళ్ళకు ఇక వేరే ఏదీ కనిపించలేదు.

"బావా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. ఒకసారి మా ఆసుపత్రికి రండి," అన్నాను. అక్కడితో ఆపాల్సింది. "నోరు కూడా కాస్త వాసనొస్తోంది, అందుకే చెప్తున్నా."

ఆయన ఆపిల్ నములుతూనే నన్ను ఎగాదిగా చూశాడు.

"పొద్దస్తమానం కంపు నోళ్ళలో తల దూర్చి దూర్చి, ఆ కంపు నీ ముక్కుకే పట్టేసింది. ముందు వెళ్ళి ముక్కు కడుక్కో, పో!"

అందరూ పగలబడి నవ్వారు. మా అమ్మ కూడా. అక్క మాత్రం నవ్వలేదు, మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత వంటింట్లో అమ్మ నన్ను నిలదీసింది.

"అల్లుణ్ణి పట్టుకుని అంత మాటంటావా? మగాడి నోరు ఎలా ఉంటే ఏంటే? నువ్వేమన్నా దాంట్లో కాపురం చేస్తున్నావా?"

"అక్క చేస్తోంది కదమ్మా."

"అది ఏమన్నా అంటోందా మరి?"

ఆ రోజు మూసిన నోరు తొమ్మిదేళ్ళు తెరవలేదు. అక్క ఇంటికి వెళ్ళడం కూడా తగ్గించేశాను.

ఇక ఆయన వృత్తి. అద్దాలు మూసిన కారు, రెండు సీట్లు, మధ్యలో జానెడు దూరం. మా బావ దగ్గర నేర్చుకుంటే తొందరగా వచ్చేస్తుందని ఊళ్ళో పేరు. రాక ఏం చేస్తుంది? ఎంత తొందరగా వస్తే అంత తొందరగా ఆ కారు దిగొచ్చు. చలికాలంలో కూడా శిష్యులు అద్దం దించేవాళ్ళు. తనంటే భయంతో వాళ్ళకు చెమటలు పడుతున్నాయని ఆయన మురిసిపోయేవాడు. స్కూలు ఓనరు ఆరేళ్ళుగా ఆ కారులో నిమ్మకాయ వాసన బిళ్ళ ఒకటి వేలాడదీసి, నెలకోసారి అది మార్చి, తన బాధ్యత తీరిందనుకునేవాడు.

ఆ కారులోకి ఒక దర్జీ ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. మా ఆసుపత్రి కోట్లు కుట్టేది కూడా ఆవిడే. బట్టలు తనే వ్యాన్లో బళ్ళకు చేరవేసుకోవాలని కారు నేర్చుకోవడం మొదలుపెట్టింది. జరిగిందంతా కోట్ల కొలతలు తీసుకుంటూ ఆవిడే నాకు చెప్పింది.

ఆ రోజు జోరుగా వాన. ఆవిడ అద్దం దించింది. సీట్లు తడుస్తాయి, ఎక్కించమన్నాడు ఆయన. కాస్త దించుకుంటానంది. వద్దంటే వద్దన్నాడు. నాలుగు వీధులు దాటేసరికి ఆవిడకు కడుపులో తిప్పింది. మలుపు దగ్గర ఆయన అలవాటు కొద్దీ చెవి దగ్గరకు వంగి "క్లచ్!" అన్నాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి ముఖం అటు తిప్పేసుకుంది. కారు సూటిగా వెళ్ళి ఆగి ఉన్న రొట్టెల వ్యానుకు గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ముందు దీపం పగిలింది. రొట్టెల ట్రేలు తడి రోడ్డు మీద బోర్లా పడ్డాయి. తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉందన్న సంగతి మాత్రం మా బావకు ఆ తర్వాత కూడా గుర్తుకు రాలేదు.

స్కూలు ఆఫీసుకు రాగానే, వరసలో కూర్చున్న శిష్యులందరి ముందూ ఆయన గొంతెత్తాడు.

"ఈవిడకి ఈ జన్మలో కారు రాదండీ. రోడ్డు చూడమంటే దిక్కులు చూస్తుంది!"

దర్జీ ఆవిడ తడిసిన చెంగు పిండుకుంటూ నెమ్మదిగా అంది, "దిక్కులు కాదు మాస్టారూ. గాలి కోసం చూశాను."

"గాలా? కారు నిండా గాలే కదా?"

"కారు నిండా మీ నోటి కంపుంది. ఇరవై రోజులుగా ఓర్చుకున్నా. ఇవాళ నా వల్ల కాలేదు. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది."

శిష్యులందరికీ ఒక్కసారిగా నేల మీద ఏదో పోగొట్టుకున్నట్టు పని దొరికింది. మా బావ ఓనరు వైపు చూశాడు, 'చూడండి ఎంత మాటందో' అన్నట్టు. ఓనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత ఆ మహానుభావుడికి నోరు పెగిలింది.

"కొన్నాళ్ళు సెలవు పెట్టండి మాస్టారూ. నోరు... కాస్త ఎక్కడన్నా చూపించుకుని రండి."

ఇంకెవరైనా అయితే ఆ రోజే నేరుగా పళ్ళాసుపత్రికి వచ్చి ఉండేవారు. మా బావ రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మొదట కారు ఏసీది తప్పన్నాడు. తర్వాత దర్జీ ఆవిడ ముక్కుది తప్పన్నాడు. ఆ తర్వాత అక్క వంటది తప్పయింది. నెల రోజులు ఆ ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి మానేశారు. వాసన మానలేదు. కడుపులో గ్యాసని ఎవరో చెబితే డబ్బాలకు డబ్బాలు పొడి మింగాడు. పుక్కిలించే మందు సీసాలు మూడు రంగులవి తెచ్చి రోజుకు పదిసార్లు పుక్కిలించాడు. అరగంటసేపు మురుగ్గుంట మీద సెంటు చల్లినట్టుండేది, ఆ తర్వాత ఉత్త మురుగ్గుంట. చివరికి బజార్లో ఒక దుకాణంలో పళ్ళు తెల్లగా చేయించుకుని వచ్చి అద్దం ముందు నిలబడి ఇకిలించాడు. రోగం చిగుళ్ళలో ఉంటే సున్నం గోడకు వేయించుకున్నాడు మనిషి.

రెండో నెలలో రొట్టె కొరుకుతుంటే కింద వరసలో ముందు పన్ను ఒకటి ఊగింది. నాలుకతో తోస్తే అటూ ఇటూ కదిలింది. ముత్యాల సరం తెగుతోందని తెలిశాక గానీ ఆయన కాళ్ళు మా ఆసుపత్రి వైపు కదల్లేదు. అది కూడా మధ్యాహ్నం, జనం లేని సమయం చూసి, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, పక్క తలుపులోంచి.

"పెద్ద పనేం లేదండీ," అన్నాడు డాక్టరమ్మతో. "ఈ ఒక్క పన్నూ కాస్త గట్టిగా అతికించండి చాలు."

మా డాక్టరమ్మ తక్కువ మాట్లాడుతుంది. కుర్చీ వెనక్కి వాల్చి, గీతలున్న సన్నటి కొలత పుల్ల తీసుకుని, ఒక్కొక్క పంటి పక్కనా చిగురు లోపలికి దింపుతూ అంకెలు చెప్పసాగింది. నేను రాసుకుంటున్నాను. మూడు మిల్లీమీటర్లు, ఆ లోపు ఉంటే మంచి చిగురు.

"నాలుగు, ఆరు, ఏడు. ఆరు, ఎనిమిది, ఆరు."

పుల్ల పెట్టిన ప్రతి చోటా రక్తం ఉబికింది. తర్వాత ఎక్స్‌రే తీసి చూపించింది. పళ్ళ మధ్య ఎముక వానకు కోసుకుపోయిన గట్టులా కిందికి దిగిపోయి ఉంది.

"వాసన కడుపులోంచి కదండీ వచ్చేది?" అన్నాడు బావ.

"చాలామందికి నోట్లోంచే వస్తుంది. మీకైతే అనుమానమే లేదు. చిగురు పంటిని వదిలేసి సంచిలా తయారైంది. ఆ సంచుల్లో పాచి, గార, చీము. అక్కడ పెరిగే క్రిములే ఆ వాసన పుట్టిస్తాయి. నాలుక వెనక పేరుకున్న పూతలో ఇంకొంత."

"మరి రోజుకి పదిసార్లు మందు పుక్కిలిస్తున్నాను కదా?"

"గుమ్మంలో నీళ్ళు చల్లితే అటక మీద దుమ్ము పోతుందా?"

"నాకు ఏ అలవాటూ లేదు డాక్టరమ్మా. సిగరెట్టు కూడా ముట్టను."

"సరిగ్గా తోముకోవడం కూడా అలవాటేనండీ. అదీ ఉన్నట్టు లేదు."

నేను కాగితంలోకి తల వంచేసుకున్నాను.

వైద్యం ఇలా తేల్చింది. నోటిని నాలుగు భాగాలు చేసి, వారానికో భాగం చొప్పున మత్తిచ్చి, చిగురు కిందికి దిగి వేళ్ళ మీద గార అంతా గీకి తీయాలి. ఇంట్లో మెత్తటి బ్రష్షు, పళ్ళ సందులకు సన్నటి బ్రష్షు, నాలుక బద్ద. పుక్కిలించే మందు రెండు వారాలే, అదీ చేతికర్రలాగా, నడవాల్సింది కాళ్ళే. మరీ వదులైన ఆ ముందు పన్ను తీసేయక తప్పదు. ఈ చివరి మాట దగ్గర మా బావ ముఖం పాలిపోయింది. పదకొండేళ్ళు ఇంటిల్లిపాదికీ ఊపిరాడకుండా చేసినందుకు కాదు, ఫొటో పాడైపోతున్నందుకు.

ఆ పన్ను డాక్టరమ్మ తీసింది. గార గీకింది నేనే. ఎంతోమంది నోళ్ళు చూశాను గానీ అలాంటి గార చూడలేదు. నల్లగా, పలకల్లా, వేరును పట్టుకుని వదలనంటే వదలనని. ఒక్కో ముక్క ఊడి ట్రేలో టంగుమని పడేది. ఆయన పిడికిళ్ళు బిగించి, కళ్ళమ్మట నీళ్ళు కార్చాడు. జాలి పడాల్సిన చోటు అని తెలుసు. రాలేదు. చెయ్యి మాత్రం జాగ్రత్తగానే నడిపాను, నా పని మీద నాకు గౌరవముంది కాబట్టి.

రెండో వారం, సగం మొద్దుబారిన పెదవితో ఆయనే అడిగాడు.

"ఇన్నేళ్ళూ వచ్చేదా, వాసన?"

"వచ్చేది బావా."

"అందరికీ తెలిసేదా?"

"ముక్కున్న ప్రతివాళ్ళకీ."

"మరి ఒక్కళ్ళూ చెప్పలేదేం?"

"నేను చెప్పాను. ఆపిల్ కొరికిన రోజు."

తప్పొప్పుకుంటాడేమోనని ఒక్క క్షణం నేను వెర్రిదానిలా ఎదురుచూశాను.

"దాన్ని చెప్పడమంటారా? ఎగతాళి చేశావు నువ్వు. పద్ధతిగా చెప్పుంటే అప్పుడే వచ్చేవాణ్ణి కదా."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. గార తీసే మిషను ఆన్ చేశాను.

మూడు నెలలకు మళ్ళీ కొలిస్తే అంకెలు మూడు, మూడు, నాలుగు. రక్తం దాదాపు లేదు. డాక్టరమ్మ మాస్కు దించి, జానెడు దూరంలో ముఖం పెట్టి, "పది దాకా లెక్కపెట్టండి" అంది. ఆయన పాఠం అప్పజెబుతున్న పిల్లాడిలా లెక్కపెట్టాడు. "వాసన లేదు," అందావిడ. నిజమే, లేదు. వైద్యం పనిచేసింది. "వదిలేస్తే మళ్ళీ వస్తుంది. మూడు నెలలకోసారి రండి," అని కూడా అంది.

నోరు బాగుపడింది గానీ అందులోంచి వచ్చే మాటలకు మా దగ్గర మందు లేదు. మళ్ళీ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మా బావ చిగుళ్ళ మీద ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. తాళం తిప్పే ముందు శిష్యుల చేత నాలుక చాపించి చూస్తాడట. ఇదంతా తాను పుస్తకాలు తిరగేసి, స్వయంగా పరిశోధించి కనిపెట్టానని చెబుతాడట. దర్జీ ఆవిడ ఇంకో స్కూల్లో నేర్చుకుని పరీక్ష నెగ్గి వ్యాను నడుపుకుంటోంది. ఒకరోజు కూడలిలో కనబడితే పక్కనున్న శిష్యుడితో, "చూశావా ఆ తిప్పడం? నా దగ్గర నేర్చుకున్నదే," అన్నాడట. ఆవిడకు క్షమాపణ చెప్పారా అని అడగడం కూడా దండగ.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. ఒక సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

"రేపు మీ అక్కని పంపిస్తున్నాను, చూడు. గదిలో ఇంకా వాసనుంది. నాది కాదని మీ డాక్టరే చెప్పింది. ఇక ఎవరిదో తేలిపోయినట్టే కదా?"

గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఈ గురివిందకు నలుపు కడిగి పెట్టింది మేమే.

అక్క వచ్చింది. కుర్చీలో ఒద్దికగా, పరాయి ఇంటికి వచ్చినట్టు కూర్చుంది. డాక్టరమ్మ కొలిచింది. రెండు, ఒకటి, రెండు. మాస్కు దించి వాసన చూసింది. ఏమీ లేదు. కానీ పళ్ళను దీపం కింద పెట్టి చూస్తూ ఆగిపోయింది. నన్ను పిలిచి చూపించింది. ప్రతి పంటి మొదట్లోనూ ఆకురాయితో కోసినట్టు గాటు. పైపొర అరిగిపోయి లోపలి పసుపు బయటపడింది.

"రోజుకి ఎన్నిసార్లు తోముతారమ్మా?"

"అయిదుసార్లు," అంది అక్క. "ఒక్కోసారి ఆరు."

"ఏ బ్రష్షు?"

"గట్టిదే. మెత్తటి దానికి పోదేమోనని."

"ఏం పోదని?"

అక్క నా వైపు చూడకుండా చెప్పింది. "వాసన. పెళ్ళయిన మొదటి నెల నుంచీ ఆయన అనేవారు, గదిలో కంపు నాదని. లవంగం బుగ్గన పెట్టుకోకుండా ఏనాడూ ఆయన పక్కన కూర్చోలేదు నేను."

మా బావను అసహ్యించుకోవడం అప్పటిదాకా నాకు హాయిగానే ఉండేది. ఆ క్షణాన ఆ అసహ్యం గిర్రున నా వైపు తిరిగింది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ నోట్లో ఎక్కడ ఏముందో వెతికి తీసేదాన్ని, సొంత అక్క నోట్లోకి ఒక్కసారి తొంగిచూడలేదు. చల్లటి నీళ్ళు తాగినప్పుడల్లా ఆమె దవడ పట్టుకోవడం చూశాను, సుకుమారం అనుకున్నాను. లవంగాలు నమలడం చూశాను, షోకు అనుకున్నాను. ఒక ఆపిల్ ముక్క దగ్గర పడ్డ మాటకు అలిగి తొమ్మిదేళ్ళు ముఖం చాటేసిన నేను, కిటికీ తీసి ఉక్కగా ఉందనుకునే జనం కన్నా ఏ పాటి మెరుగు?

"అక్కా, ఆ వాసన ఆయనది. మొదటి రోజు నుంచీ ఆయనదే."

"నాది కూడా కాస్త ఉందేమోనే. రెండూ కలిసి..."

"లేదు," అంది డాక్టరమ్మ.

"ఇప్పుడు తోముకుని వచ్చాను కాబట్టి..."

"లేదమ్మా. మీకు ఎప్పుడూ ఆ జబ్బు లేదు. చిగుళ్ళు చూస్తే తెలుస్తుంది."

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచి కూర్చుంది.

"ఆ మాట కాగితం మీద రాసిస్తారా?"

డాక్టరమ్మ రాసింది. 'పరీక్షించాను. నోటి దుర్వాసన లేదు. చిగుళ్ళ వ్యాధి లేదు.' పైన అక్క పేరు, కింద సంతకం, ముద్ర. అక్క దాన్ని తీసుకెళ్ళి ఇంట్లో ముఖం కడుక్కునే చోట అద్దానికి అతికించింది. మర్నాడు బావ పీకేశాడు. అక్క మళ్ళీ వచ్చి ఇంకోటి రాయించుకుంది. అదీ పీకేశాడు. మూడోసారి నేనే ఇరవై కాపీలు తీసి కవరులో పెట్టి ఇచ్చాను. నాలుగో కాగితానికి ఆయన ఓపిక అయిపోయింది. ఇప్పుడు రోజూ పొద్దున దాని పక్కనే ముఖం పెట్టి సందుల బ్రష్షు తిప్పుకుంటున్నాడు. ఇంటికి వచ్చినవాళ్ళు ఇదేమిటని అడిగితే, పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టి, "నా వైద్యం తాలూకు సర్టిఫికెట్టు," అంటాడట.

అక్క పళ్ళ గాట్లు డాక్టరమ్మ పూడ్చింది. ఇప్పుడు రోజుకు రెండుసార్లే, మెత్తటి బ్రష్షుతో. మిగిలిన వేళల్లో ఏం చేస్తున్నావే అని అడిగాను. "ఏమీ చెయ్యట్లేదు, ఊరికే కూర్చుంటున్నా. బాగుంది," అంది. నేను వారానికోసారి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంటున్నాను. పాత బాకీ తీరిందని చెప్పుకునేంత సిగ్గులేనితనం నాకింకా రాలేదు.

బావ మూడు నెలలకోసారి శుభ్రం చేయించుకోవడానికి వస్తున్నాడు. ఇప్పుడు టోపీ లేకుండా, ముందు తలుపులోంచి. మొన్న వచ్చి కుర్చీలో వాలి, కాళ్ళు చాపుకుని, "ఈ మధ్య నీ పని బాగా మెరుగుపడింది, మరదలా. నేను వచ్చాకే," అన్నాడు.

నోరు తెరవమన్నాను.